చెయ్యి ఇక్కడిది, రెండో చూపు అక్కడిది

2008లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోని రుత్షురు పట్టణంలో, బ్రిటిష్ సర్జన్ డేవిడ్ నాట్ ముందుకు ఒక పదహారేళ్ల కుర్రాడు వచ్చాడు. అతని చేయి అప్పటికే చాలావరకు పోయింది. మిగిలిన కొనకు గాంగ్రీన్ పట్టి, కుళ్లు భుజం వైపు పాకుతోంది. భుజాన్నీ, దాని వెనకున్న రెక్క ఎముకనూ, మెడ కింది ఎముకలో కొంత భాగాన్నీ కలిపి తొలగిస్తే తప్ప అతను బతకడు. ఫోర్‌క్వార్టర్ ఆంప్యుటేషన్ అనే ఆ ఆపరేషన్‌ను నాట్ అంతకు ముందెన్నడూ చేయలేదు. లండన్‌లో ఆ పని తెలిసిన సర్జన్ మెయిరియన్ థామస్‌ను సంప్రదిస్తే, ఆయన ఒకదాని తర్వాత ఒకటిగా చేయవలసిన పనులను మొబైల్ సందేశంగా పంపారు. నాట్ ఆ వరుస ప్రకారమే ఆపరేషన్ ముగించారు. కుర్రాడు కోలుకున్నాడు.

ఇందులో వీడియో లేదు, రోబో లేదు, ఉపగ్రహ ప్రసారం లేదు. ఖండాలు దాటి వెళ్లినవి కాసిన్ని అక్షరాలు మాత్రమే. ఆ కాసిన్ని అక్షరాలు సరిపోవడానికి కారణం, వాటిని చదివిన వ్యక్తి రక్తనాళాల శస్త్రచికిత్సలో ఏళ్ల తరబడి చేయి తిరిగిన సర్జన్ కావడమే. ముందు ఏ ధమనిని కట్టాలో చెబితే ఆయనకు చాలు, దాన్ని ఎలా కట్టాలో చెప్పనక్కర్లేదు. అదే సందేశం కొత్తగా చదువు ముగించిన వైద్యుడి చేతికి అందితే ఆ గదిలో ఏం జరిగి ఉండేదో ఊహించడం కష్టం కాదు. దూరవైద్యం గురించిన చర్చ ఎప్పుడూ నెట్‌వర్క్ వేగం, కెమెరాల నాణ్యత చుట్టూనే తిరుగుతుంది. అయితే చికిత్స నడుస్తుండగా దూరపు వైద్యుడి సాయం ఎంత పనికివస్తుందన్నది అన్నిటికంటే ఎక్కువగా రోగి పక్కన నిలబడిన వైద్యుడికి ఏం చేతనవుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

దూరవైద్యం అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. దూరంగా కూర్చున్న సర్జన్ రోబో చేతులను తానే కదిలిస్తూ ఆపరేషన్ చేయడం ఒకటి. ఆపరేషన్ చేస్తున్న వైద్యుడికి మరో వైద్యుడు తెర మీద దృశ్యాన్ని చూస్తూ మాటతోనూ గీతతోనూ దారి చూపడం రెండోది. చికిత్సకు ముందో తర్వాతో ఇద్దరు వైద్యులు రోగి వివరాలను చర్చించుకోవడం మూడోది. పత్రికల్లో పతాక శీర్షికలు మొదటిదానికి దక్కుతాయి. ప్రభుత్వ పథకాలలో మూడోది బాగానే విస్తరించింది. కేంద్రం తెచ్చిన ఈ-సంజీవని డాక్టర్-టు-డాక్టర్ సేవను 2019 నవంబరులో దేశంలో మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. జిల్లా, ఏరియా ఆసుపత్రులకు నిజంగా అక్కరకొచ్చే రెండోదాని గురించి మాత్రం మాట్లాడేవారు తక్కువ. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

మొదటిదాన్ని ముందుగా పక్కన పెట్టాలంటే కారణం చెప్పాలి. 2001 సెప్టెంబరు 7న న్యూయార్క్‌లో కూర్చున్న జాక్ మారెస్కో బృందం, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ల మహిళ పిత్తాశయాన్ని జ్యూస్ అనే రోబో సాయంతో 54 నిమిషాల్లో తొలగించింది. అందుకోసం ప్రత్యేకంగా కేటాయించిన ఫైబర్ మార్గంలో, చేయి కదిపిన క్షణానికీ దాని ఫలితం తెర మీద కనిపించిన క్షణానికీ నడుమ ఆలస్యం దాదాపు 155 మిల్లీసెకన్లు. 2003 నుంచి కెనడాలోని హామిల్టన్‌లో మెహ్రాన్ అన్వరి, సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని నార్త్ బే ఆసుపత్రిలో ఇదే పద్ధతిలో 20కి పైగా ఆపరేషన్లు చేశారు. మన దేశంలో 2018 డిసెంబరులో తేజస్ పటేల్ గాంధీనగర్‌లోని అక్షరధామ్ ప్రాంగణంలో కూర్చుని, సుమారు 32 కిలోమీటర్ల దూరాన అహ్మదాబాద్‌లో ఉన్న రోగుల గుండె ధమనుల్లో రోబో ద్వారా స్టెంట్లు వేశారు. ఇవన్నీ గొప్ప పనులే. అయితే వీటన్నిటిలోనూ రోగి పక్కన, యంత్రం ఏ క్షణాన మొరాయించినా పనిని తమ చేతుల్లోకి తీసుకోగల బృందం సిద్ధంగా ఉంది. నిపుణుడు లేని చోట నిపుణుడి కొరతను తీర్చడం ఈ పద్ధతికి ఇంకా సాధ్యం కాలేదు. నిపుణులు రెండు చివరలా కావాలి, పైగా కోట్ల ఖరీదు చేసే యంత్రం ఒక చివర కావాలి.

దారి చూపే పద్ధతిలో లెక్క వేరు. చేయి స్థానిక వైద్యుడిదే కాబట్టి అర సెకను ఆలస్యమైనా కత్తి దారి తప్పదు. ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక హైదరాబాద్ నుంచి 300 కిలోమీటర్ల దూరంలోని ఊరికి సంకేతం వెళ్లి రావడానికి పట్టేది 3 మిల్లీసెకన్లే. మిగతా ఆలస్యమంతా దృశ్యాన్ని కుదించడంలో, తిరిగి విప్పడంలో, దారిలోని పరికరాలలో పోతుంది. భూస్థిర ఉపగ్రహం ద్వారా అయితే దూరమే అడ్డు. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు మాట ఎక్కి దిగి, జవాబు మళ్లీ ఎక్కి దిగేసరికి దాదాపు అర సెకను గడుస్తుంది. రోబోను నడపడానికి ఆ అర సెకను ప్రమాదకరం. మాటతో దారి చూపడానికి అది కాస్త చిరాకు మాత్రమే, ఇద్దరూ ఒకరి మాట ముగిశాక ఒకరు మాట్లాడే అలవాటు చేసుకుంటే సరిపోతుంది. 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ ఉపగ్రహం ఆధారంగా దూరవైద్య కేంద్రాన్ని మొదలుపెట్టిన నాడు కూడా వైద్యుల మధ్య సంభాషణకు ఈ ఆలస్యం అడ్డు కాలేదు.

చట్టం కూడా ఈ రెండింటినీ వేర్వేరుగానే చూస్తుంది. 2020 మార్చి 25న విడుదలైన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు, శస్త్రచికిత్సలను, శరీరంలోకి పరికరాలు పంపే ప్రక్రియలను దూరం నుంచి నిర్వహించడాన్ని తమ పరిధి నుంచి స్పష్టంగా తప్పించాయి. ఒక వైద్యుడు తన రోగి విషయంలో మరో వైద్యుడి సలహా కోరడాన్ని మాత్రం అవి అనుమతించడమే కాక ప్రోత్సహించాయి. అయితే సలహా అడిగిన వైద్యుడే చికిత్స చేస్తున్న వైద్యుడిగా మిగులుతాడనీ, చికిత్సకు బాధ్యత అతనిదేననీ తేల్చి చెప్పాయి. ఈ ఒక్క వాక్యంలో చాలా ఉంది. తెర మీద కనిపించే పెద్ద సర్జన్ ఏం చెప్పినా, కోత పెట్టాలా వద్దా అన్న నిర్ణయం గ్లవ్స్ వేసుకున్న మనిషిదే. ఇది చట్టపరమైన సౌకర్యం కోసం రాసిన మాటగా కొందరికి అనిపించవచ్చు గానీ, ఆపరేషన్ థియేటర్‌లో రోగి భద్రతకు పునాది ఇదే.

ఈ రెండో చూపు విలువ ఎంతో తెలియాలంటే రోజూ జరిగే ఆపరేషన్‌ను తీసుకోవడం మంచిది. లాపరోస్కోపీ ద్వారా, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి లోపలికి కెమెరానూ పరికరాలనూ పంపి, పిత్తాశయాన్ని తొలగించడం ఇప్పుడు పట్టణాల్లోని చిన్న ఆసుపత్రుల్లో కూడా మామూలైంది. పిత్తాశయానికి కాడలా ఉండే సిస్టిక్ నాళాన్ని, దాని పక్క ధమనిని క్లిప్పులు వేసి కత్తిరించాలి. కాలేయం నుంచి పేగుకు పిత్తం మోసుకెళ్లే ప్రధాన నాళం ఆ పక్కనే ఉంటుంది. వాపు ఎక్కువైనప్పుడు, పిత్తాశయాన్ని పైకి గట్టిగా లాగినప్పుడు ఆ ప్రధాన నాళమే సిస్టిక్ నాళంలా కనిపిస్తుంది. పొరపాటున దాన్ని కత్తిరిస్తే రోగి జీవితం తలకిందులవుతుంది. పేగును కాలేయం దగ్గరికి తెచ్చి కుట్టే పెద్ద ఆపరేషన్లు, పదేపదే ఇన్ఫెక్షన్లు, కొన్నిసార్లు కాలేయమే దెబ్బతినడం వరకు వెళుతుంది. వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదింటిలో ఇలాంటి గాయం జరుగుతుందని సాధారణంగా చెబుతారు. నిష్పత్తి చిన్నదే, కానీ ఈ ఆపరేషన్ జరిగే సంఖ్య చాలా పెద్దది.

ఈ గాయాలు ఎందుకు జరుగుతాయన్న ప్రశ్నకు 2003లో వచ్చిన ఒక విశ్లేషణ ఆలోచింపజేసే జవాబు ఇచ్చింది. అమెరికన్ సర్జన్ లారెన్స్ వే బృందం 252 పిత్తనాళ గాయాలను పరిశీలిస్తే, 97 శాతం గాయాలకు మూలం కంటి భ్రమ అని తేలింది. చేతి నైపుణ్యం లోపించడం వల్ల జరిగినవి 3 శాతమే. అంటే సర్జన్ చేయి సరిగ్గానే పనిచేసింది. అది కత్తిరించిన నాళం వేరు, కత్తిరిస్తున్నానని అనుకున్న నాళం వేరు. ఒకసారి ఇదే సిస్టిక్ నాళమని మనసు నిశ్చయించుకున్నాక, దానికి విరుద్ధంగా కనిపించే గుర్తులను కూడా అదే మనసు సర్దిచెప్పుకుంటుంది. చీకట్లో తాడును పామనుకున్నవాడికి అది కదిలినట్టు కూడా కనిపిస్తుంది కదా, అలాంటిదే ఇది. ఆ భ్రమలో లేని మరో జత కళ్లు అదే దృశ్యాన్ని చూడడం ఇలాంటి తప్పుకు తగిన మందు. ఆ కళ్లు పక్క గదిలో ఉన్నాయా, రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయా అన్నది ఇక్కడ పెద్ద తేడా కాదు, ఎందుకంటే లాపరోస్కోపీలో స్థానిక సర్జన్ చూస్తున్నది కూడా తెర మీది బొమ్మనే.

ఏది చూడాలన్న దానికి కొలమానం కూడా ఉంది. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ ప్రతిపాదించిన 'క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ' ప్రకారం, క్లిప్పు వేసే ముందు మూడు విషయాలు కంటికి కనిపించాలి. సిస్టిక్ నాళానికి, కాలేయం నుంచి వచ్చే ప్రధాన నాళానికి, కాలేయానికి నడుమ ఉన్న త్రికోణంలో కొవ్వు, పొరలు పూర్తిగా తొలగి ఉండాలి. పిత్తాశయపు కింది భాగం కాలేయం నుంచి విడివడి ఉండాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు నిర్మాణాలుగా కనిపించాలి, మూడోది ఉండకూడదు. దూరపు సర్జన్ ఒక గంటన్నర ఆపరేషన్ అంతా చూడనక్కర్లేదు. ఈ దశకు చేరినప్పుడు కెమెరాను ముందు నుంచి, వెనక నుంచి చూపించి, 'రెండే కనిపిస్తున్నాయా' అని అడిగి, ఆయన కూడా అవునన్నాకే క్లిప్పు వేయాలని ముందే ఒప్పందం చేసుకుంటే, ఆయన సమయం నుంచి తీసుకున్నది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఆయన చెప్పగల అత్యంత విలువైన మాట చాలాసార్లు 'ఇక ముందుకు వద్దు' అన్నదే. దృశ్యం స్పష్టం కాకపోతే పిత్తాశయాన్ని పాక్షికంగా తొలగించి ఆపేయవచ్చు, పొట్ట తెరిచి చేయవచ్చు, లోపలి ద్రవం బయటికి పోయే గొట్టం (డ్రెయిన్) పెట్టి పెద్దాసుపత్రికి పంపవచ్చు. ఒంటరిగా ఉన్న సర్జన్‌కు వెనకడుగు ఓటమిలా అనిపిస్తుంది. సీనియర్ ఒకరు అదే సరైన ఆపరేషన్ అని ఆ క్షణంలో చెబితే, ఆ నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది.

అయితే తెర మీద అన్నీ రావు. ముందుగా పోయేది స్పర్శ. కణజాలం రబ్బరులా సాగుతోందా, రాయిలా గట్టిపడిందా, ముట్టుకుంటే చిట్లుతోందా అన్నది దూరపు వైద్యుడికి తెలిసే మార్గం స్థానిక వైద్యుడి నోరు ఒక్కటే. తర్వాత పోయేది రంగు. సామాన్యంగా వాడే వీడియో పద్ధతులు వెలుగునీడల వివరాన్ని జాగ్రత్తగా కాపాడి, రంగుల వివరాన్ని బాగా కుదించి పంపుతాయి, ఎందుకంటే మన కన్ను మామూలుగా ఆ తేడాను పట్టుకోదు. సినిమా చూసేవారికి దీనివల్ల నష్టం లేదు. కానీ బిగుసుకున్న హెర్నియాలో చిక్కిన పేగు ముక్క బతికి ఉందా చచ్చిపోయిందా అన్నది గులాబీ రంగుకూ ముదురు ఊదా రంగుకూ నడుమనున్న ఛాయలను బట్టి నిర్ణయించాలి. గాజుగుడ్డ మీద కనిపించిన మరక పాత రక్తమా, కారుతున్న పిత్తమా అన్నదీ రంగు ప్రశ్నే. అందుకే రంగు మీద ఆధారపడే ఏ నిర్ణయమైనా దూరపు తెర చూసి చేయకూడదు, గదిలో ఉన్నవారిని అడిగి చేయాలి. నెట్‌వర్క్ నెమ్మదించినప్పుడు బొమ్మ ఆగిపోవడం కంటే ప్రమాదకరమైనది, బొమ్మ ఆగకుండా మసకబారడం. ఆగితే అందరికీ తెలుస్తుంది. మసకబారితే దూరంగా ఉన్నవాడు తనకు కనిపించని సన్నని నాళం అక్కడ లేదనుకుంటాడు.

పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లలో కష్టం ఇంకో రకం. లాపరోస్కోపీలో కెమెరా ముందే లోపల ఉంది కనుక ఆ సంకేతాన్నే బయటికి పంపితే చాలు. తెరిచిన పొట్టలో ఏం జరుగుతుందో చూపాలంటే పై నుంచి పెట్టిన కెమెరాకు సర్జన్ తల అడ్డం వస్తుంది, నుదుటికి కట్టిన కెమెరా తల ఊగినప్పుడల్లా ఊగుతుంది, థియేటర్ దీపాల వెలుగుకు గాయం లోతు మొత్తం తెల్లగా మెరిసి కనిపించకుండా పోతుంది. దీపం కాంతిని కాస్త తగ్గించి, కీలకమైన చోట తలను పది సెకన్లు కదపకుండా ఉంచడమే చాలాసార్లు ఖరీదైన పరికరం కంటే మేలైన పరిష్కారం.

గీత గీసి చూపే సౌకర్యం గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. దూరపు సర్జన్ తన తెర మీద వేలితో గీసిన గీత స్థానిక సర్జన్ తెర మీద కనిపిస్తుంది. 'ఈ గీత వెంట కోయండి' అని చెప్పడానికి వేయి మాటల కంటే అది మేలు. కానీ గీత తెరకు అంటుకుని ఉంటుంది, అవయవానికి కాదు. కెమెరా వేలెడంత జరిగినా, రోగి ఊపిరికి కాలేయం కిందికి దిగినా, గీత ఉన్న చోటే ఉండి దాని కింది కణజాలం మారిపోతుంది. కాబట్టి బొమ్మను నిలిపి గీత గీయడం, కెమెరా కదలగానే గీతను చెరపడం, ఆ తర్వాతే పరికరం కదపడం అన్నది విడవరాని క్రమం. కుడి, ఎడమ అన్న మాటలు కూడా ఇలాంటివే. ఎవరి కుడి? రోగిదా, సర్జన్‌దా, తెరదా? అందుకే అనుభవజ్ఞులు గడియారపు ముల్లు భాష వాడతారు: 'రెండు గంటల వైపు సెంటీమీటరు'. విన్న సర్జన్ ఆ మాటను తిరిగి చెప్పి, అవునన్న జవాబు వచ్చాకే కదలాలి. తెలుగు జిల్లాల్లో దీనికి ఒక అనుకూలత ఉంది. దూరపు సర్జన్ తెలుగులో మాట్లాడితే సర్జన్‌తో పాటు స్టాఫ్ నర్సుకు, మత్తు డాక్టర్‌కు, థియేటర్ అసిస్టెంట్‌కు కూడా తర్వాతి అడుగేమిటో తెలిసి, అడగకముందే సామగ్రి సిద్ధమవుతుంది.

ఇప్పటివరకు చెప్పినది ముందే తేదీ కుదుర్చుకున్న ఆపరేషన్ల సంగతి. రాత్రివేళ వచ్చే ప్రమాదాల్లో దూరపు సాయం మరో రూపం తీసుకుంటుంది. కాన్పు తర్వాత గర్భాశయం ముడుచుకోక రక్తస్రావం ఆగని తల్లిని ఊహించుకుంటే, ఆమె ఉన్నది చింతూరు వంటి ఏజెన్సీ ప్రాంతంలో అయితే, మారేడుమిల్లి ఘాట్ దాటి రాజమహేంద్రవరం చేరడానికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం ఉంటుంది. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం చేరుతుంది. ఆ ధార తెగకపోతే అంబులెన్సు ఘాట్ సగం దాటకముందే కథ ముగుస్తుంది. ఆమెను కదిలించే ముందు రక్తాన్ని అక్కడే నిలపాలి.

నిలపడానికి సాధనాలు ఖరీదైనవి కావు. మందులకు లొంగకపోతే, కెథెటర్ అనే సన్నని గొట్టానికి కండోమ్ కట్టి గర్భాశయంలోకి పంపి సెలైన్‌తో నింపి లోపలి నుంచి ఒత్తిడి పెట్టే పద్ధతిని ఢాకాకు చెందిన సయేబా అఖ్తర్ 2003లో ప్రచురించారు. దానికీ లొంగకపోతే పొట్ట తెరిచి, గర్భాశయాన్ని భుజాల మీదుగా దిగే పట్టీల్లా రెండు వైపులా బిగించి కట్టే కుట్టు ఉంది. 1997లో క్రిస్టఫర్ బి-లించ్ దాన్ని వివరించారు. కుట్టు వేసే ముందు రెండు చేతులతో గర్భాశయాన్ని గట్టిగా నొక్కి చూసి, రక్తం ఆగితే కుట్టుకూ ఆగుతుందని తెలుసుకోవచ్చు. సిజేరియన్లు చేసే అలవాటున్న వైద్యురాలికి ఈ కుట్టు చేతికి అందనిదేమీ కాదు, కానీ ఏడాదికి ఒకసారి కూడా అవసరం పడకపోవచ్చు, కాబట్టి సూది ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలో ఆ క్షణాన గుర్తుకు రాకపోవచ్చు. బోధనాసుపత్రిలోని ప్రొఫెసర్ ఫోన్ స్పీకర్‌లో ఒక్కో పోటు చెబుతుంటే ఆమె కుట్టగలదు.

అంతకంటే ముఖ్యమైన సాయం మరొకటి ఉంది. రక్తస్రావంలో తల్లులను చంపేది తరచుగా ఆలస్యమే. ఇంకో పది నిమిషాలు చూద్దాం, ఆగుతుందేమో అన్న ఆశతో ప్రతి మెట్టు దగ్గరా కాలం కరిగిపోతుంది. చేతులు రక్తంలో ఉన్నవారికి గడియారం కనిపించదు. దూరంగా ఉన్న వైద్యురాలికి కనిపిస్తుంది. నాడి ఎంత, బీపీ ఎంత, తడిసిన గుడ్డలు ఎన్ని, మొదలై ఎన్ని నిమిషాలైంది అని వరుసగా అడుగుతూ, కండోమ్ బెలూన్ పెట్టి పావుగంటైనా ధార తగ్గలేదు కాబట్టి పొట్ట తెరవవలసిందేనని చెప్పేవారు ఒకరు ఫోన్‌లో ఉండడం, ఆ గదిలో మరో నిపుణురాలు ఉన్నట్టే. దీనికి వీడియో కూడా అక్కర్లేదు. మాట స్పష్టంగా వినిపిస్తే చాలు. అందుకే సిగ్నల్ బలహీనపడినప్పుడు ముందు వదులుకోవలసింది బొమ్మను, చివరిదాకా కాపాడుకోవలసింది గొంతును. ఏ వ్యవస్థనైనా ఈ క్రమంలో అమర్చుకోవాలి.

గుండెపోటు, పక్షవాతం చికిత్సల్లో ఇదే సూత్రం ఇప్పటికే పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో స్టెమీ (గుండె ధమని మూసుకుపోయి వచ్చే తీవ్రమైన గుండెపోటు) పేరుతో నడుస్తున్న కార్యక్రమాల్లో చిన్న ఆసుపత్రి నుంచి వెళ్లిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని కార్డియాలజిస్టు చూసి, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇవ్వమని చెబుతున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో జిల్లా ఆసుపత్రుల ఫిజీషియన్లు సీటీ చిత్రాలను స్మార్ట్‌ఫోన్‌లో న్యూరాలజిస్టులకు పంపి, వారి సూచనతో పక్షవాత రోగులకు గడ్డ కరిగించే మందు ఇచ్చారు. రెండు చోట్లా ఇంజెక్షన్ ఇవ్వడం స్థానిక వైద్యుడికి తెలిసిన పనే. ఇవ్వవచ్చన్న నిర్ణయమే దూరం నుంచి రావలసి వచ్చింది.

ఇక ప్రమాదం సంగతి. దూరపు సాయం ఉందన్న ధైర్యంతో, అది లేకుండా ముగించలేని ఆపరేషన్‌ను మొదలుపెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. నగరంలోని సర్జన్ ప్రోత్సహిస్తాడు, స్థానిక సర్జన్‌కు నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉంటుంది, రోగి బంధువులకు నగరానికి వెళ్లే ఖర్చు తప్పుతుందన్న ఆశ ఉంటుంది. ముగ్గురి కోరికా మంచిదే. కానీ ఆపరేషన్ నడుమ సంబంధం తెగిపోతే, ఆ క్షణంలో రోగికి ఉన్నది ఎదురుగా ఉన్న రెండు చేతులే. కనుక రోగిని ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే ఉంది: ఏ దశలో లైను తెగినా, అక్కడి నుంచి రోగిని క్షేమంగా బయటికి తేగల ఆపరేషన్ ఈ సర్జన్‌కు స్వతంత్రంగా వచ్చా? పిత్తాశయం విషయంలో ఆ జవాబు, పొట్ట తెరిచి చేయడం వచ్చా అన్నది. అది రానివారు దూరపు సాయంతో లాపరోస్కోపీ మొదలుపెట్టకూడదు. ఈ గీత కఠినంగా అనిపించినా దాన్ని సడలించడానికి కారణం కనిపించదు.

మరో ప్రమాదం పెద్దరికానిది. వైద్య విద్యలో గురువు మాటకు ఎదురు చెప్పడం మనకు అలవాటు లేదు. తెర మీద ప్రొఫెసర్ 'అక్కడే కోయండి' అన్నప్పుడు, వేలికి గట్టిగా తగిలినదేదో ఆయనకు కనిపించడం లేదని తెలిసినా, చాలామంది జూనియర్లు నోరు మెదపరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టులో, కోతకు ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పుకోవాలన్న అంశం ఉంది. దూరపు వైద్యుడు కూడా ఆ వరుసలో తన పేరు చెప్పి, 'మీకు అనుమానం వస్తే ఆపండి, నా మాట మీద ముందుకు వెళ్లకండి' అని అందరూ వినేలా ఒక్కసారి అనాలి. ఆ ఒక్క మాట తర్వాతి గంటలో ఎన్నో మౌనాలను తొలగిస్తుంది.

నెట్‌వర్క్ గురించి తెలుగు తీరానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగలు చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే వెళ్లాయి. తక్కువ ఖర్చుతో త్వరగా పల్లెలకు చేరడానికి అది తెలివైన మార్గం. కానీ తుపానులో స్తంభం కూలితే కరెంటూ ఫైబరూ ఒకేసారి పోతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విద్యుత్తు, ఫోన్లు రోజుల తరబడి మూగబోయిన అనుభవం ఇంకా మరుపుకు రాలేదు. రోడ్లు తెగి రోగిని తరలించలేని ఆ రోజుల్లోనే దూరపు సాయం అన్నిటికంటే ఎక్కువగా కావాలి. కాబట్టి తీర జిల్లాల ఆసుపత్రుల్లో ఫైబర్‌తో పాటు వేరే దారిన వచ్చే రెండో లైను, అది కుదరకపోతే కనీసం ఉపగ్రహ ఫోన్ ఉండడం ఆడంబరం కాదు. అర సెకను ఆలస్యంతో వచ్చే గొంతు, అసలు రాని హెచ్‌డీ బొమ్మ కంటే నయం.

సమ్మతి విషయంలో చిన్న ఆసుపత్రులు తరచుగా పొరబడతాయి. మరో వైద్యుడు ఆపరేషన్‌ను దూరం నుంచి చూస్తాడనీ, రికార్డు చేస్తే అది ఎక్కడ, ఎంతకాలం ఉంటుందనీ రోగికి తెలుగులో చెప్పి విడిగా సంతకం తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద స్థాయి దాటింది. థియేటర్ బొమ్మలు వ్యక్తిగత వాట్సాప్ గుంపుల్లోకి చేరడం సహకారం కాదు. విదేశాల్లోని తెలుగు వైద్యుల సంగతి కూడా ఇక్కడే ప్రస్తావించాలి. మనకు అర్ధరాత్రి అయిన వేళ అమెరికాలో పగలు కనుక, రాత్రి అత్యవసరాలకు వారి సాయం ఎంతో పనికొస్తుందన్న ఆలోచన సహజమైనదే. అయితే 2020 మార్గదర్శకాలు ఇక్కడి రిజిస్టర్‌లో పేరున్న వైద్యులకే వర్తిస్తాయి, దేశం వెలుపలి సంప్రదింపులు వాటి పరిధిలో లేవు. ఆపరేషన్‌కు ముందు శిక్షణ ఇవ్వడంలో, ముగిశాక రికార్డులు చూసి చర్చించడంలో వారి పాత్రకు ఇలాంటి చిక్కు లేదు, అదేమీ చిన్న పాత్రా కాదు.

అన్నిటికంటే తేలికగా మరచిపోయేది దూరపు వైద్యుడి సమయం. బోధనాసుపత్రిలో తన ఓపీ, తన థియేటర్, తన విద్యార్థులు ఉన్న ప్రొఫెసర్ మరో జిల్లా కోసం ఫోన్ ఎత్తడం ఇప్పుడు స్నేహం మీద, శిష్యవాత్సల్యం మీద నడుస్తోంది. స్నేహం ఉన్న ఊరికి సాయం అందుతుంది, లేని ఊరికి అందదు. డ్యూటీ పట్టికలో ఆ పనికి పేరు రాసి, ఆ గంటలను పనిగంటలుగా లెక్కగట్టి, ఒకే నంబరు ఇచ్చి, పిలిస్తే పలకవలసిన బాధ్యతను పెడితేనే ఇది సేవ అవుతుంది.

పరిశోధనల పరంగా చూస్తే, దూరం నుంచి దారి చూపడం పక్కన నిలబడి దారి చూపడానికి దాదాపు సమానంగా పనిచేస్తుందని చెప్పే అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి, ఎంపిక చేసుకున్న రోగులతో జరిగినవి. కాబట్టి ప్రతి ఆసుపత్రి తన లెక్క తాను రాసుకోవడం అవసరం. ఆపరేషన్ నోట్‌లో నాలుగు గళ్లు చాలు: దూరపు వైద్యుడు ఎన్నిసార్లు జోక్యం చేసుకున్నారు, ఏ దశలో, లైను ఎన్నిసార్లు తెగింది, ఆయన మాట వల్ల ముందు అనుకున్న పద్ధతి మారిందా. అదే సర్జన్ అదే ఆపరేషన్‌ను పదోసారి, ఇరవయ్యోసారి చేస్తున్నప్పుడు మొదటి గడిలోని అంకె తగ్గుతూ వస్తే, ఆ ఆపరేషన్‌కు ఇక ఫోన్ అక్కర్లేదని తెలుస్తుంది, అప్పుడు ప్రొఫెసర్‌కు మిగిలిన ఆ గంట మరో ఊరి మరో సర్జన్‌కు కేటాయించవచ్చు. తగ్గకపోతే, ఆ సర్జన్‌కు కావలసింది తెర మీది గీతలు కాదు, బోధనాసుపత్రి థియేటర్‌లో కొన్ని నెలల శిక్షణ.